నా ముఖం చూసి నమ్మిన మనిషి

లింబాయత్, సూరత్.

అక్కకు తమ్ముడు శంకర్ నమస్కరించి రాస్తున్న సంగతులు.

నువ్వు, బావ, శ్రావణి ఆరోగ్యంగా ఉన్నారని అనుకుంటున్నాను. బావ మోకాలి నొప్పి తగ్గిందా? మెట్లు ఎక్కవద్దని డాక్టరు చెప్పాడు కదా, ఆయన వినడని నాకు తెలుసు. నీ దగ్గు ఎట్లా ఉంది? ఇక్కడ నేను, సుజాత బాగానే ఉన్నాం. ఒంటికి ఏమీ కాలేదు, పని కూడా పోలేదు. ఆ రంది పెట్టుకోకు.

ఫోన్ ఉండగా ఉత్తరం ఎందుకు రాస్తున్నాడని అనుకుంటావు. ఈ మాటలు ఫోన్లో చెబుదామని ఎన్నోసార్లు మొదలుపెట్టాను. నీ గొంతు వినగానే మాట మార్చేశాను. మన ఊరి మల్లేశం రేపు బయలుదేరుతున్నాడు, అతని చేతికి ఇస్తున్నాను. నా రాత వంకర కాబట్టి శ్రావణి చదివి వినిపించాలి. శ్రావణీ, బిడ్డా, ఇందులో నీ సంగతి కూడా ఉంది. మధ్యలో ఆగిపోవాలనిపిస్తుంది. ఆగకు. అమ్మకు ఒక్క ముక్క కూడా దాచకుండా చదువు.

ఈసారి ఇక్కడ వానలు గట్టిగా పడ్డాయి. ఖాడీ అని ఇక్కడొక మురికి కాలువ ఉంది, అది పొంగి మా గల్లీలోకి నీళ్లు వచ్చాయి. మా గది కొంచెం ఎత్తు మీద ఉండబట్టి సామాను తడవలేదు. ఇప్పుడు ఎండ కాస్తోంది గానీ గోడలు ఇంకా చెమ్మగానే ఉన్నాయి. కార్ఖానాలో బట్ట నేసే సాంచాలు నడుస్తున్నాయి, ఆగిన వాటిని బాగు చేసే మిస్త్రీ పని నాదే. ఇంటికి వచ్చాక కూడా ఆ చప్పుడు చెవుల్లో ఆడుతూనే ఉంటుంది. సుజాత చీరలకు రాళ్లు అంటించే పని తెచ్చుకుని ఇంట్లోనే చేస్తోంది. తిండికి ఇబ్బంది లేదు. జొన్నపిండి దొరుకుతుంది కానీ మన దగ్గర వచ్చినట్లు రొట్టె రాదు, అంచులు విరుగుతాయి. పచ్చిపులుసు చేసుకున్న రోజు మాత్రం ఇద్దరం ఒక ముద్ద ఎక్కువే తింటాం.

ఇక అసలు సంగతి. నా నంబరు మారినప్పుడు ఫోన్ నీళ్లలో పడిందని నీకు చెప్పాను. అది అబద్ధం. పోచమ్మ బోనాలకు సేఠ్ సెలవు ఇవ్వలేదని చెప్పాను. అదీ అబద్ధమే. అడిగితే ఇచ్చేవాడు. నేనే రాలేకపోయాను. శంకర్‌ను సూరత్‌లో పోలీసులు పట్టుకుపోయారని ఊళ్లో ఎవరో అన్నారని, నువ్వు బాయి కాడ వాళ్లతో జగడం పెట్టుకున్నావని సుజాతకు తెలిసింది. నా తరఫున నువ్వు నలుగురిలో గొంతు పెంచావని విన్నప్పటి నుండి నాకు నిద్ర పట్టడం లేదు. వాళ్లు చెప్పింది మొత్తం అబద్ధం కాదక్కా. నన్ను ఎవరూ పట్టుకుపోలేదు, నా అంతట నేనే వెళ్లాను. కానీ స్టేషన్‌లో దొంగతనం చేసిన వాడిలా కూర్చున్న మాట నిజం.

శ్రావణికి నర్సింగ్ సీటు వచ్చినప్పుడు నేను ఎంత సంబరపడ్డానో నీకు తెలుసు. పిల్ల ఫోటో, కాలేజీ పేరు, మీ అందరి పేర్లు పెట్టి ఫోన్లో పదిమందికీ కనిపించేలా పోస్టు పెట్టాను. కొన్నాళ్లకు ఒకతను ఫోన్ చేశాడు. మన వైపు యాసలోనే మాట్లాడాడు. ఏదో ట్రస్టు అన్నాడు, వలస పోయిన కార్మికుల ఇళ్ల ఆడపిల్లలకు చదువు ఖర్చు మొత్తం ఇస్తారని చెప్పాడు. శ్రావణి పేరు, చదువు నేను చెప్పకముందే చెప్పాడు. అంత తెలిసినవాడు నిజమైనవాడే అనుకున్నాను. అతనికి తెలిసినదంతా నేను పెట్టిన పోస్టులోనే ఉందని అప్పుడు తట్టలేదు.

"అన్నా, పిల్ల తల్లిది, నీది ఆధార్ పంపు. నీ పాన్ కార్డు గూడ. మల్ల కార్డు చేతుల పట్టుకొని ఒక్క ఫోటో దిగు. గంతే, మిగతాది నేను జూసుకుంట," అన్నాడు.

ఆ ఫోటో సుజాత తీసింది. "గా మాసిన అంగీతోని దిగుతవా? పిల్ల సదువుకు సంబంధించింది, జర మంచిగ దిగు," అని పెళ్లిళ్లకు వేసుకునే తెల్ల చొక్కా తీసి ఇచ్చింది. తల దువ్వుకుని, గోడకు ఆనుకుని, ఆధార్ కార్డు గుండెల దగ్గర పట్టుకుని నిలబడ్డాను. తర్వాత అతను ఫోన్‌కు వచ్చిన అంకెలు చెప్పమన్నాడు. అక్కా, ఓటీపీ ఎవరికీ చెప్పవద్దని మా గల్లీలో అందరికీ చెప్పేవాడిని నేనే. అందుకే కొంచెం తటపటాయించాను. "గిది బ్యాంకుది గాదన్నా, ఆధార్‌ది," అన్నాడు. బ్యాంకుది కాదు కదా అని చెప్పేశాను. ఒకసారి కాదు, అడిగినప్పుడల్లా చెప్పాను.

ఇంకో మాట కూడా అన్నాడు. ఇది వచ్చేవాళ్లు సర్కారు స్కాలర్‌షిప్‌కు దరఖాస్తు పెట్టకూడదని. ఆ మాట శ్రావణికి నేనే చెప్పాను. పిల్ల పోయినేడు అందుకే దరఖాస్తు పెట్టలేదు. నీ దగ్గర చెప్పుకున్న గొప్పలు కూడా నాకు గుర్తున్నాయి. "నువ్వు ఫికర్ చెయ్యకక్కా, పిల్ల సదువు నేను జూసుకుంట," అన్నాను. అతనితో నడిచిన మాటలన్నీ స్క్రీన్‌షాట్లు తీసి, మామ నీ పని ఎట్లా చేశాడో చూడు అని శ్రావణికి పంపించాను.

కొన్నాళ్లకు ఆ నంబరు పలకలేదు. ముందు ఆలస్యం అనుకున్నాను, తర్వాత అనుమానం వచ్చింది. అనుమానం వచ్చినప్పుడే ఎవరినైనా అడిగి ఉంటే ఇంత దూరం వచ్చేది కాదు. నేను చేసిందేమిటంటే, సుజాత కంట పడుతుందని ఆ మాటలన్నీ ఫోన్ నుండి తుడిపేశాను. పైసలైతే పోలేదు కదా, పోయినవి కాగితాలే కదా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

వానలు మొదలైన కొత్తలో, ఒక సెలవు రోజు, భోజనం చేసి గడప దగ్గర కూర్చున్నాను. ఒక గుజరాతీ ఆమె గల్లీలోకి వచ్చింది. నీ కంటే కొంచెం పెద్దది, కొంగు తల మీద ఉంది, చెప్పులు బురదలో కూరుకుపోతున్నాయి. చేతిలోని ఫోన్‌ను, ఇళ్ల నంబర్లను మార్చి మార్చి చూస్తూ వస్తోంది. నా ముందుకు వచ్చి ఆగింది. ఫోన్ వంక చూసింది, నా వంక చూసింది.

"శంకర్ నువ్వేనా?" అని హిందీలో అడిగింది.

అవునన్నాను.

"నా మిషన్ ఏది భాయ్?"

నాకు అర్థం కాలేదు. ఆమె పేరు హంసాబెన్. సూరత్‌లోనే దూరంగా ఉన్న వరాఛా నుండి వచ్చింది. అక్కడ వజ్రాలు సానబట్టే పని బాగా తగ్గిపోయిందట, కొడుక్కి సరిగ్గా పని దొరకడం లేదట. ఇంట్లో కుట్టుపని పెట్టుకుందామని పాత కుట్టు మిషన్ కోసం ఫోన్లో వెతికింది. ఊరు వదిలి వెళ్తున్నాను, అందుకే అమ్ముతున్నాను అని ఒకతను మాట్లాడాడు. ఆమె అనుమానపడితే, ఇదిగో నా ఆధార్, ఇదిగో నేను అని ఫోటో పంపాడు. ఆమె దాచుకున్న డబ్బు పంపింది. మిషన్ రాలేదు, అతని ఫోన్ పలకలేదు. ఆధార్ మీద ఉన్న అడ్రసు పట్టుకుని ఆమె మా గడపకు వచ్చింది.

అప్పటికే చుట్టుపక్కల వాళ్లు చేరారు. మరాఠీ వాళ్లు, ఒడియా పిల్లలు, మన తెలుగు వాళ్లు, అందరూ నాకు తెలిసిన ముఖాలే. సుజాత లోపల నుండి వచ్చి హంసాబెన్ మీదికి పోయినంత పని చేసింది. "మా ఆయన పొద్దుందాక సాంచాల కాడ ఉంటడు. మిషన్లు అమ్మెటోడు గాదు. ఎవరిని బట్టుకొని ఏం మాట్లాడుతున్నవ్?" అంది తెలుగులోనే.

హంసాబెన్ ఫోన్ ఆమె ముందు పెట్టింది. తెల్ల చొక్కా, దువ్విన తల, గుండెల దగ్గర కార్డు.

సుజాత ఆ ఫోటోను దగ్గరగా పట్టుకుని చూసింది. తర్వాత నా వైపు తిరిగి, "గిది నేను దీసిన ఫోటో గాదా?" అని మెల్లగా అడిగింది.

నాకు ఆ క్షణంలోనే అంతా అర్థమైంది. అర్థమయ్యాక నేను ఏం చేశానో నీకు చెప్పాలి. నా కార్డు ఎక్కడో పోయింది, ఎవడో దొంగిలించి ఫోటో తయారు చేశాడు అన్నాను. అబద్ధమని సుజాతకు తెలుసు. గల్లీలో ఎవరికి ఫోన్లో ఏం కావాలన్నా, రైలు టికెట్ దగ్గర నుండి రేషన్ కార్డు దాకా, నా దగ్గరికే వస్తారు. ఇంటర్ చదివిన శంకర్, అన్నీ తెలిసిన శంకర్. ఆ శంకర్‌ను ఎవడో ఫోన్లో తీపి మాటలు చెప్పి పసిపిల్లాడిలా ఆడించాడని వాళ్ల ముందు చెప్పడానికి నోరు రాలేదు. మోసం చేశాడని అనుకున్నా ఓర్చుకోగలను గానీ మోసపోయాడని అనుకుంటే ఓర్చుకోలేను అనిపించింది. ఎంత తప్పుడు బుద్ధో చూడు.

హంసాబెన్ అరవలేదు, తిట్టలేదు. తిడితే బాగుండేది. "రాత మీద నమ్మకం లేక ఫోటో అడిగాను భాయ్. నీ ముఖం చూసి నమ్మాను. ఇంత సాదాసీదాగా ఉన్న మనిషి, ఇంటి మనిషిలా ఉన్నాడు, ఎందుకు మోసం చేస్తాడు అనుకున్నాను," అంది.

ఆ మాటకు సుజాత ముందుకు వచ్చింది. నన్ను అడగలేదు. వచ్చీ రాని హిందీలో అందరి ముందు మొత్తం చెప్పేసింది. స్కాలర్‌షిప్ మాట, చొక్కా మాట, అంకెలు చెప్పిన మాట. చెప్పి, "నాకు గూడ తెల్వదు, ఇద్దరం కలిసే ఇచ్చినం," అంది. నేను నేల చూస్తూ నిలబడ్డాను. గల్లీలో ఎవరూ నవ్వలేదు. నవ్వకపోవడం కూడా భరించలేకపోయాను.

హంసాబెన్ మమ్మల్ని నమ్మిందో లేదో ఆ రోజు తెలియలేదు. "అయితే పోలీసుల దగ్గరికి పోదాం. ఇదే మాట అక్కడ చెప్పు," అంది. ముగ్గురం షేర్ ఆటో ఎక్కాం.

స్టేషన్‌లో ముందు ఉన్న కానిస్టేబుల్ ఆమె ఫోన్లో ఫోటో చూశాడు, నన్ను చూశాడు, బల్ల చూపించి అక్కడ కూర్చోమన్నాడు. నా ఫోన్ తీసుకున్నాడు. లోపలికి వెళ్లే ప్రతి ఒక్కరూ నన్ను చూసుకుంటూ పోయారు. మా కార్ఖానాలో పనిచేసే మన వైపు అతను ఏదో పని మీద వచ్చి, నన్ను చూసి చూడనట్లు వెళ్లిపోయాడు. ఊళ్లోకి మాట వచ్చింది అక్కడి నుండే అయి ఉంటుంది. అతని తప్పు లేదు, చూసింది చెప్పాడు.

తర్వాత ఫోన్ తిరిగి ఇచ్చి, సైబర్ కేసులు చూసే ఆఫీసుకు పంపారు. అక్కడ ఒక మేడమ్ ఉంది. ఆమె గొంతు పెంచకుండా అడిగింది. ఆ స్కాలర్‌షిప్ అతనితో మాట్లాడిన మాటలు చూపించమంది. తుడిపేశానని చెప్పాను.

"ఎందుకు తుడిపేశావు?"

"సిగ్గేసింది మేడమ్."

ఆమె నా వంక చూసి, కాగితం మీద ఆ మాటే రాసుకుంది. "ఇక్కడికి వచ్చేవాళ్లలో సగం మంది ఇదే చేస్తారు. సాక్ష్యం మీరే చెరిపేసి, మమ్మల్ని వెతకమంటారు. ఇంకెవరి దగ్గరైనా ఉందా?" అని అడిగింది.

ఉంది. శ్రావణి దగ్గర ఉంది.

శ్రావణీ, ఆ సాయంత్రం నీకు ఫోన్ చేసి ఆ స్క్రీన్‌షాట్లు మళ్లీ పంపమన్నాను, గుర్తుందా? "ఎందుకు మామా, స్కాలర్‌షిప్ వచ్చిందా?" అని అడిగావు. నీ గొంతులో సంతోషం వినిపించింది. "ఇంక జూస్తున్నరు బిడ్డా," అన్నాను. మేడమ్ ఎదురుగానే ఉంది, ఆమెకు తెలుగు రాదు. సుజాతకు వచ్చు. సుజాత ముఖం పక్కకు తిప్పుకుంది. నా బతుకులో నేను అన్నిటికంటే ఎక్కువ సిగ్గుపడిన మాట అదే బిడ్డా. ఆ స్కాలర్‌షిప్ ఎప్పుడూ లేదు. రాదు. ఇన్నాళ్లు నిన్ను ఎదురుచూడనిచ్చాను. నువ్వు పంపిన వాటితోనే మేడమ్ నా మాట నమ్మింది. నన్ను బల్ల మీది నుండి లేపి కుర్చీలో కూర్చోబెట్టింది నీ ఫోనే.

తర్వాత ఆమె నా చేతనే అన్నీ చూపించింది. మన పేరు మీద ఎన్ని సిమ్ కార్డులు ఉన్నాయో చూసుకునే సర్కారు వెబ్‌సైటు ఉంది. అందులో నాది కాని నంబరు ఒకటి నా పేరు మీద కనిపించింది. నేను గుమ్మం కూడా తొక్కని బ్యాంకులో నా పేరు మీద ఖాతా తెరిచి ఉంది. హంసాబెన్ పంపిన డబ్బు అందులో పడి, అందులో నుండి ఎటో పోయింది. అప్పుల వివరాలు తెప్పించి చూస్తే నా పేరు మీద ఎవరో వాయిదాల్లో ఫోన్ కూడా కొనుక్కున్నారు. నా పేరు, నా ముఖం పెట్టుకుని ఇంకొకడు నా కంటే దర్జాగా బతుకుతున్నాడు.

మేడమ్ హంసాబెన్ ఫిర్యాదు వేరుగా, నాది వేరుగా రాయించింది. "నువ్వు కూడా ఫిర్యాదు చేసేవాడివే. నా పేరు వాడుకున్నారు అని నువ్వు రాసివ్వకపోతే రేపు ఇంకో ఊరి పోలీసులు వచ్చినప్పుడు నీ దగ్గర చూపించడానికి ఏమీ ఉండదు," అని చెప్పింది. ఆ కాగితం ఇప్పుడు నా దగ్గర ఉంది. పిలిచినప్పుడల్లా రావాలని చెప్పింది. బోనాల వేళ ఒకసారి పిలిచారు కూడా. కానీ అది సాకు మాత్రమే. అది అయ్యాక కూడా రావచ్చు, రాలేదు.

ఆ రోజు బయటికి వచ్చాక వాన పడుతుంటే ముగ్గురం సజ్జ కింద నిలబడ్డాం. హంసాబెన్ కొంగుతో ముఖం తుడుచుకుని, "మా అబ్బాయికి తెలియదు భాయ్. మిషన్‌కు బయానా ఇచ్చాను, దీపావళికి వస్తుంది అని చెప్పాను. ఇక్కడికి గుడికి పోతున్నానని చెప్పి వచ్చాను," అంది. ఆమె కూడా నాలాగే ఇంట్లో దాచుకుని తిరుగుతోందని అప్పుడు తెలిసింది. సుజాత ఆమె చెయ్యి పట్టుకుని, "చెప్పెయ్యి బెన్," అంది. ఆమె అక్కడి నుండే కొడుక్కి ఫోన్ చేసింది. అతను తడుస్తూ బండి మీద వచ్చాడు. నన్ను కొడతాడేమో అనుకున్నాను. అతను తల్లిని చూసి, "ఇంత దూరం ఒక్కదానివే వచ్చావా మమ్మీ?" అన్నాడు, అంతే. ఆమెను బండి ఎక్కించుకుని తీసుకుపోయాడు. అది చూసి కూడా నీకు చెప్పడానికి నాకు ఇన్నాళ్లు పట్టింది.

ఆ తర్వాత తిరగడమే తిరగడం. బ్యాంకుకు పోతే పోలీసు కాగితం అన్నారు, అది పట్టుకుని పోతే పెద్ద ఆఫీసుకు పొమ్మన్నారు. ఒకచోట కౌంటరు దగ్గర అబ్బాయి, "ఖాతా మీది కాదంటారు, ఫోటో మీదే కదా," అని అందరికీ వినబడేలా అన్నాడు. కాగితం మళ్లీ అతని ముందు పెట్టాను. ఇప్పటికి ఆ ఖాతా మూశారు. ఆ సిమ్ ఆపేశారు. నా పాత నంబరు ఆ మోసగాడి దగ్గర ఉందని దాన్నీ మార్చేశాను. ఆధార్‌లో వేలిముద్రలకు తాళం వేశాను. ఫోన్ వాయిదాల కంపెనీ మాత్రం ఇంకా తేల్చలేదు, ఫిర్యాదు నకలు పంపాను, విచారిస్తున్నామని జవాబు వచ్చింది. హంసాబెన్ డబ్బు తిరిగి రాలేదు. వస్తుందని ఎవరూ గట్టిగా చెప్పడం లేదు. ఆ మనిషి దొరకలేదు.

సేఠ్‌కు నేనే చెప్పాను. ఆయన, "దొంగవైతే నాకే వచ్చి చెప్పవు కదా. పోయి పని చూసుకో," అన్నాడు. హంసాబెన్ అప్పుడప్పుడు ఫోన్ చేసి సుజాతతో మాట్లాడుతుంది. సుజాత తనకు పని ఇచ్చే దుకాణంలో ఆమెకు కూడా చీరలకు రాళ్లు అంటించే పని ఇప్పించింది. ఆమె నాతో ఎక్కువ మాట్లాడదు. తప్పు కాదు. నా ముఖం చూస్తే ఆమెకు గుర్తొచ్చేది అదే కదా.

మా గల్లీ వాళ్లు కొన్నాళ్లు నా దగ్గరికి రాలేదు. మొన్న పక్క గదిలోని ఒడియా అతను ఫోన్ పట్టుకుని వచ్చి, "భాయ్, ఇది నిజమా, అబద్ధమా?" అని అడిగాడు. కరెంటు పోతుంది, వెంటనే ఈ లింకు నొక్కు అని మెసేజి. ఇదివరకైతే చూడగానే ఏదో ఒకటి చెప్పేవాడిని. నాకు తెలియదు, కరెంటు ఆఫీసుకే పోయి అడుగుదాం అన్నాను. ఇద్దరం పోయి అడిగాం. అబద్ధమే.

ఇప్పుడు నీ సంగతి అక్కా. ఇది జాగ్రత్తగా విను. ఆ మనిషికి నేను నీ ఆధార్ కూడా పంపాను. నీ పేరు మీద ఏమైనా చేశాడో లేదో నాకు తెలియదు. ఇక్కడి నుండి చూడడం కుదరదు, నీ ఫోన్‌కు వచ్చే అంకెలు కావాలి. ఫోన్ చేసి ఆ అంకెలు నాకు చెప్పమనడానికి నాకు మనసు ఒప్పలేదు. నాకే కాదు, ఎవరికీ చెప్పకు. నా పేరు చెప్పి, నా గొంతుతో ఎవరు అడిగినా చెప్పకు. శ్రావణి నీ పక్కన కూర్చుని, పైన చెప్పిన వెబ్‌సైటులో నీ పేరు మీద ఎన్ని సిమ్‌లు ఉన్నాయో చూస్తుంది. నీది కానిది కనిపిస్తే నాది కాదని అందులోనే పెట్టవచ్చు. తర్వాత మీసేవకో ఆధార్ సెంటరుకో పోయి వేలిముద్రలకు తాళం వేయించు. తాళం వేస్తే పింఛను రోజు పోస్టాఫీసు మిషన్‌లో నీ వేలు పడదు, భయపడకు. ఆ రోజు శ్రావణి ఫోన్లో తాళం తీసి, మళ్లీ వేస్తుంది. బ్యాంకుకు పోయి పాసుబుక్కు అచ్చు వేయించుకుని, తెలియని లెక్క ఏదైనా ఉందేమో చూడండి. ఏ కొంచెం తేడా ఉన్నా, చిన్నదే కదా అని ఊరుకోవద్దు, ఎవరేమనుకుంటారో అని ఆగవద్దు. అదే రోజు స్టేషన్‌కు పోయి రాసివ్వండి. ఇకమీదట ఎవరికైనా ఆధార్ నకలు ఇస్తే, ఎందుకు ఇస్తున్నారో, ఏ రోజు ఇస్తున్నారో దాని మీదే రాసి ఇవ్వండి. మేడమ్ నాకు చెప్పింది.

బీడీలు చుట్టీ చుట్టీ నీ వేళ్లు అరిగిపోయి, ఆ మిషన్‌లో ఎన్నిసార్లు పెట్టినా ముద్ర పడదని, పింఛను కోసం పొద్దంతా నిలబెడతారని నువ్వు చెబుతుంటావు. నీ ఆధార్ పంపిన సంగతి గుర్తొచ్చినప్పుడు నాకు ముందు వచ్చిన ఆలోచన ఏమిటో చెప్పనా? మంచిదే, అక్క వేలిముద్ర ఎవడూ ఎత్తుకుపోలేడు అని సంతోషపడ్డాను. ఆ వేళ్లు నన్ను ఇంటర్ దాకా చదివించడానికే అరిగాయని వెంటనే గుర్తొచ్చింది. కార్ఖానాలోనే ఒక మూలకు పోయి కూర్చున్నాను. అక్క వేళ్లు అరిగినందుకు సంతోషించిన తమ్ముడు ఎక్కడా ఉండడు.

శ్రావణీ, మొన్న ఫోన్ చేసి సర్కారు స్కాలర్‌షిప్‌కు దరఖాస్తు పెట్టమని చెప్పాను. "రెండు తీసుకోవద్దన్నవ్ గద మామా?" అన్నావు. ఎందుకు పెట్టమన్నానో ఇప్పుడు తెలిసింది కదా. పెట్టకపోయి ఉంటే, ఈ ఉత్తరం చదవడం అయిపోగానే కాలేజీకి పోయి పెట్టు. పోయినేడు నీకు రావలసింది నా వల్ల పోయింది. దానికి ఏం చెయ్యగలనో నాకు ఇంకా తెలియదు. నువ్వు నాకు స్క్రీన్‌షాట్లు పంపడం తప్ప ఇందులో నీ చెయ్యి లేదు. నీ వల్ల మామకు ఇట్లా అయింది అని ఎప్పుడూ అనుకోకు. నీ మీద ప్రేమ నాది, నీ పేరు చెప్పి గొప్పలకు పోయింది కూడా నేనే.

బావకు నా నమస్కారాలు. ఆయనకు కోపం వస్తుంది, రానివ్వు. పెద్దవ్వ కాళ్లకు మొక్కానని చెప్పు. మల్లేశం తిరిగి వచ్చేటప్పుడు వీలైతే కొంచెం ఎల్లిపాయ కారం, మామిడి తొక్కు పంపు. సుజాత నిన్ను బాగా తలుచుకుంటోంది, "వదిన ఏమంటదో ఏమో," అని ఈ ఉత్తరం రాస్తున్నంతసేపు పక్కనే కూర్చుంది. బతుకమ్మకు ఇద్దరం రావాలని అనుకుంటున్నాం. రమ్మంటావో లేదో నువ్వు చెప్పాలి.

ఒక్కటే కోరిక అక్కా. బాయి కాడ మళ్లీ ఎవరైనా నా మాట ఎత్తితే వాళ్లతో జగడం పెట్టుకోకు. పోలీసులు పట్టుకుపోలేదని కూడా వాదించకు. "మా శంకర్ మోసం చెయ్యలేదు, మోసపోయిండు," అని చెప్పు. నలుగురూ వినేలా చెప్పు. ఇక్కడ మా గల్లీలో ఆ మాట నా నోటితో నేను చెప్పలేకపోయాను. ఊళ్లో నీ నోటితో అది ముందే చెప్పి ఉంచితే, నేను బస్సు దిగి ఇంటిదాకా నడిచి రాగలను.

మీ ఇద్దరి దీవెన కోరుతూ,

నీ తమ్ముడు
శంకర్